సీన్ రాయడం నేర్చుకుందాం – 6వ భాగం: విడిపోయినోళ్ళు మళ్ళీ ఎదురుపడితే

పోయిన భాగంలో గొడవ సీన్ రాశాం కదా, ఈసారి దానికంటే కష్టమైంది. ఎప్పుడో విడిపోయిన ఇద్దరు ఏళ్ళ తర్వాత కలుస్తారు. మామూలుగా ఇక్కడ అందరూ "ఎన్నాళ్ళయింది నిన్ను చూసి" అని మొదలెట్టి, మధ్యలో జరిగిందంతా డైలాగుల్లో కుమ్మరించేస్తారు, చూసేవాళ్ళు ఊహించుకోడానికి ఇంకేం మిగలదు.

ఇవాళ మనం చూసి నేర్చుకునేది కోల్డ్ వార్ అనే పోలిష్ సినిమా. 2018లో వచ్చింది, బ్లాక్ అండ్ వైట్, పావెల్ పావ్లికోవ్‌స్కీకి కాన్స్‌లో బెస్ట్ డైరెక్టర్ అవార్డు తెచ్చిపెట్టింది. హీరో హీరోయిన్లకి విక్టర్, జూలా అని తన అమ్మానాన్నల పేర్లే పెట్టాడు, వాళ్ళూ జీవితమంతా విడిపోతూ కలుస్తూ బతికినవాళ్ళే. కథ 1949 నుంచి 1964 దాకా సాగుతుంది, అయినా సినిమా గంటన్నర దాటదు, ఎందుకంటే వాళ్ళు దూరంగా ఉన్న ఏళ్ళని దాదాపు చూపించనే చూపించడు, స్క్రీన్ నల్లగా అయిపోతుంది, ఊరి పేరూ సంవత్సరమూ పడతాయి, అంతే.

1952, బెర్లిన్. ఇద్దరూ కలిసి కమ్యూనిస్టుల చేతిలో ఉన్న వైపు నుంచి పశ్చిమ దేశాల వైపుకి పారిపోవాలని ప్లాన్. విక్టర్ చూసి చూసి, ఆమె రాకపోయేసరికి ఒక్కడే దాటేస్తాడు. తర్వాత పడే పేరు పారిస్, 1954. కలిసేది కాసేపే. ఎందుకు రాలేదని అడుగుతాడు, నీ ముందు నేను అన్నిట్లోనూ తక్కువనిపించింది అన్నట్టు చెప్తుంది, వెళ్ళిపోతుంది. ఇక్కడ ఆపి ఇంకోసారి చూడండి, ఎవరూ ఏడవరు, ప్రేమ అన్న మాట కూడా ఎత్తరు. అతను రూముకెళ్ళాక, తనతో ఉంటున్న వేరే అమ్మాయితో అంటాడు, నా జీవితంలోని ఆడమనిషితో ఉండి వచ్చానని. ఆ అమ్మాయి నన్ను పడుకోనీ అంటుంది. జూలాకి చెప్పాల్సిన మాట జూలా లేనప్పుడు బయటికొచ్చింది, నాకైతే సినిమా మొత్తంలో అన్నిటికన్నా గుచ్చుకునే చోటు ఇదే.

డైరెక్టర్ ఇంకో పని కూడా చేశాడు. రెండు గుండెలు, నాలుగు కళ్ళు అనే ఒకే జానపదం మొదట పల్లెటూళ్ళో ఒక పిల్ల పాడుతుంది, తర్వాత స్టేజీ మీద కోరస్, ఆ తర్వాత పారిస్‌లో జాజ్‌గా జూలా గొంతులో, చివరికి ఫ్రెంచ్ మాటలతో రికార్డుగా వస్తుంది. ఆ ఫ్రెంచ్ మాటలు ఆమెకి అస్సలు నచ్చవు. వాళ్ళిద్దరూ ఎంత మారారో ఆ పాటే చెప్పేస్తుంది, డైలాగుతో పన్లేదు.

ఇక హోంవర్క్. ఇద్దరు, ఆరేళ్ళ తర్వాత, ఏదైనా పబ్లిక్ ప్లేస్‌లో, ఒక్క పేజీ. మధ్యలో ఏమైందో ఇద్దరిలో ఎవరూ చెప్పకూడదు, ఒకప్పుడు ఇద్దరికీ కామన్‌గా ఉన్న వస్తువో పాటో తిండో ఒకటి మారిపోయి కనపడాలి, అసలు మాట మాత్రం మూడో మనిషితో అనిపించండి. రాశాక "గుర్తుందా" అనే మాట ఎక్కడున్నా కొట్టేసి సీన్ నిలబడుతుందో లేదో చూడండి, నిలబడకపోతే ఆ వస్తువు సరిగ్గా దొరకలేదని అర్థం, దాన్ని మార్చి మళ్ళీ రాయండి. వచ్చే భాగంలో 1955 యుగోస్లావియా సీన్ తీసుకుని, ఎదురెదురుగా ఉండి కూడా కలవలేకపోయే సీన్ ఎలా కట్టాలో చూద్దాం.