అందలేదన్న పార్శిల్: నా అనుభవం

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి కలంకారీ చీరలను ఆన్‌లైన్‌లో అమ్మే నాకు, హైదరాబాదులోని ఒక కస్టమరు పార్శిల్ అందలేదని తెలిపారు. ట్రాకింగ్‌లో మాత్రం డెలివరీ అయినట్లే ఉంది. అంతమాత్రాన ఆవిడను అనుమానించడం న్యాయం కాదు, ఎందుకంటే ఎవరి చేతికి ఇచ్చారో ఆ ట్రాకింగ్‌లో లేదు. అందుకే కొరియర్ ఆఫీసుకు వెంటనే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, సంతకం ఉన్న డెలివరీ రసీదు నకలు తెప్పించాను. అందులో సంతకం వేరొకరిది, ఫ్లాటు నంబరు పక్క బ్లాకుది. ఆ నకలును వాట్సాప్‌లో పంపితే, ఆవిడ అక్కడి వాచ్‌మన్‌ను విచారించి చీర తెచ్చుకున్నారు. అప్పటి నుంచి ఖరీదైన చీరలను ఓటీపీ చెబితేనే అందజేసే పద్ధతిలో పంపుతున్నాను. తూకం, చిరునామా స్పష్టంగా కనిపించేలా ప్యాకింగ్‌ను వీడియో తీసి భద్రపరుస్తున్నాను. కొరియర్ జవాబు వచ్చేవరకు రీఫండ్ ఆపినా, ఏ తేదీలోగా తేలుస్తానో కస్టమరుకు ముందే రాసి పంపుతాను.