భర్త హింస, అక్రమ రవాణా బాధితులైన మహిళా ఖైదీలకు క్షమాభిక్ష: దరఖాస్తు విధానం, అర్జీ ఆగిపోయే చోటు

రాజమండ్రి మహిళా జైలుకి కోనసీమ నుంచి ములాఖత్‌కి వచ్చే తల్లుల సంచుల్లో ఇంటిల్లిపాది ఆధార్ జిరాక్సులు, రేషన్ కార్డు, ఎమ్మెల్యే సిఫార్సు లెటరు ఉంటాయి. అల్లుడు కొట్టేవాడని చూపించే కాగితం మాత్రం ఒక్కటీ ఉండదు. ఆ లెటరు కోసం మధ్యవర్తికి డబ్బులిచ్చినవాళ్లను చూశాక ఇది రాస్తున్నాను.

కేసు ఇంకా నడుస్తుంటే క్షమాభిక్ష ప్రసక్తే లేదు, కావాల్సింది బెయిలు. శిక్ష పడి హైకోర్టులో అప్పీలు ఉంటే ముందు శిక్ష నిలుపుదల అడగండి. అది కూడా కాకపోతే రెండు దారులు. ఒకటి, బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 473వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం శిక్ష తగ్గించడం. హత్య కేసులో యావజ్జీవం పడినవాళ్లు ఈ దారిలో విడుదల కావాలంటే 14 ఏళ్లు జైల్లో గడపాల్సిందే. రెండోది, రాజ్యాంగం 161వ అధికరణం కింద గవర్నరుకి అర్జీ. నిర్ణయం మంత్రివర్గం సలహా మీదే ఉంటుంది కానీ 14 ఏళ్ల అడ్డు దీనికి లేదు, 2021లో సుప్రీంకోర్టు హర్యానా కేసులో ఈ మాట స్పష్టంగా చెప్పింది. కాబట్టి 14 ఏళ్లు నిండకుండా అర్జీ తీసుకోం అని ఎవరైనా అంటే వెనక్కి వచ్చేయకండి, అర్జీ పైనే 161 అని రాయండి. తప్పకుండా వస్తుందని మాత్రం నేను చెప్పలేను, ఎవరైనా గ్యారంటీ అంటే నమ్మొద్దు.

అర్జీ తెలుగులో, చేత్తో రాసినా సరిపోతుంది. ఖైదీ పెడితే జైలు సూపరింటెండెంట్ ద్వారా వెళ్లాలి, ఇంటివాళ్లు పెడితే ఆమె జైల్లోనే ఉందని అందులో రాయాలి. ఇన్‌వర్డ్ నంబరు తప్పకుండా అడిగి తీసుకోండి. దీనికి లాయరు ఫీజు అక్కర్లేదు, ఎందుకంటే మహిళలకీ, అక్రమ రవాణా బాధితులకీ, జైల్లో ఉన్నవాళ్లకీ ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇవ్వాలి, 15100కి ఫోన్ చేయండి.

అసలు ఇబ్బంది ఇక్కడ. హింస బాధితులకంటూ మన చట్టంలో ప్రత్యేకమైన క్షమాభిక్ష లేదు. ఆత్మరక్షణ వేరు, కానీ చంపుతామని ఎవరో బెదిరిస్తే ప్రాణభయంతో చేశానన్న వాదన హత్య కేసులో చెల్లదు, అందుకే చాలామంది విషయంలో ఆ బాధంతా తీర్పులో ఒక్క లైను కూడా ఉండదు. దాన్ని అర్జీలో మీరే చూపించాలి, అదీ నేరం జరగడానికి ముందు తేదీ ఉన్న కాగితంతో. జైలుకెళ్లాక తెచ్చిన డాక్టరు సర్టిఫికెట్టుకి విలువ ఉండదు. పాత తేదీ వేయించి ఇస్తామనే బ్రోకర్లున్నారు, దొరికితే అర్జీతో పాటు మీరూ ఇరుక్కుంటారు.

నిజమైన కాగితాలు చాలాసార్లు ఉంటాయి, వెతకరు. ఏరియా ఆసుపత్రిలో ఎంఎల్‌సీ రిజిస్టరు (పోలీసు కేసయ్యే దెబ్బలు రాసే పుస్తకం), ఓపీ చీటీలు, స్టేషన్‌లో రాజీ చేసి పంపినప్పుడు రాయించుకున్న కాగితం, పెద్దమనుషుల ఒప్పంద పత్రం, గృహహింస చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసరు రాసిన డీఐఆర్ (గృహహింస ఘటన నివేదిక). భర్త పక్కనే నిలబడి ఉండటంతో కాలు జారి పడ్డానని ఆసుపత్రిలో చెప్పినా ఆ చీటీ పారేయకండి. ఏడాదిలో రెండు మూడుసార్లు జారిపడితే, అది కూడా మెడ మీద, ముంజేతి మీద దెబ్బలతో, ఆ తేదీలే మాట్లాడతాయి. చీటీ పోయి ఉంటే ఆమె రాసిన అధికార పత్రం మీద సూపరింటెండెంట్ అటెస్టేషన్ తీసుకుని ఆసుపత్రికి ఆర్టీఐ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఏజెంటు చేతిలో మోసపోయినవాళ్లయితే పాస్‌పోర్టు ముద్రలు, ఏజెంటుకి డబ్బు పంపిన రసీదులు, పోలీసులు విడిపించి ఉంటే ఆ రికార్డు, హోంలో ఉన్నప్పటి రిజిస్టరు. శిక్ష కువైట్‌లోనో మస్కట్‌లోనో పడితే మాత్రం మన గవర్నరుకి అధికారం లేదు, అక్కడి భారత రాయబార కార్యాలయం ద్వారా వెళ్లాలి.

తర్వాత ఊళ్లో విచారణ ఉంటుంది. విడుదలయ్యాక ఎక్కడుంటుందో అర్జీలో పుట్టింటి చిరునామా రాయండి, లేకపోతే అత్తవారి ఊళ్లో అడిగి వెళ్లిపోతారు. విచారణకి వచ్చినవాళ్లతో అమ్మలు పరువు కోసం "ఏదో చిన్న చిన్న గొడవలండి, సర్దుకుపోయేవాళ్లే" అనేస్తారు. ఇన్నేళ్లూ బయటికి చెప్పుకోని అలవాటు అది, తప్పు పట్టలేం. కానీ నివేదికలోకి ఎక్కేది ఆ మాటే, దాంతో కష్టపడి తెచ్చిన చీటీలన్నీ వట్టిపోతాయి. కొట్టాడంటే కొట్టాడనే చెప్పండి, ఇరుగుపొరుగు ఎవరు చూశారో పేర్లు చెప్పండి.

సిఫార్సు లెటరు సంగతి కూడా చెప్పాలి. 2006లో మన రాష్ట్రానికే చెందిన ఏపూరు సుధాకర్ కేసులో గవర్నరు ఇచ్చిన శిక్ష తగ్గింపుని సుప్రీంకోర్టు కొట్టేసింది, ఖైదీ ఫలానా పార్టీ కార్యకర్త అని నివేదికలో రాయడాన్ని తప్పుబట్టింది. లెటరు పక్కనపెట్టి, ఆమె జైల్లో నేర్చుకున్న పని, పిల్లల చదువు, ఎవరి దగ్గర పెరుగుతున్నారో రాయండి.

తిరస్కరిస్తే కారణాలున్న ఉత్తర్వు కాపీ అడగండి. కారణం చెప్పకపోయినా, మీరిచ్చిన కాగితాలు చూడకుండానే కొట్టేసినా హైకోర్టులో రిట్ వేయొచ్చు, దానికీ న్యాయ సేవాధికార సంస్థే లాయర్ని ఇస్తుంది. కొత్త ఆధారం దొరికితే మళ్లీ అర్జీ పెట్టొచ్చు. అందుకే ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వకండి, లాయరుకైనా జిరాక్సులే ఇవ్వండి.