తక్కువ ధరలో మంచి సింథటిక్ షేవింగ్ బ్రష్: పోల్చి చూసి ఎంచుకోవడం ఎలా?

ఫోమ్ డబ్బా పక్కనపెట్టి క్రీమ్, బ్రష్‌తో గడ్డం గీసుకుందామనుకునేవాళ్లకు మొదటి సందేహం బ్రష్ దగ్గరే వస్తుంది. ₹100 లోపు దొరికేవీ ఉన్నాయి, వేలల్లో పలికేవీ ఉన్నాయి. విశాఖలో ఉండేవాళ్లకు నా సలహా ఒక్కటే. జంతువుల వెంట్రుకల జోలికి పోకండి, సింథటిక్ తీసుకోండి. పంది వెంట్రుకలు, బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలు నీళ్లు పీల్చుకుంటాయి. మన ఊళ్లో ఏడాదిలో ఎక్కువ రోజులు గాలిలో తేమే. కిటికీ సరిగా లేని అపార్ట్‌మెంట్ బాత్రూమ్‌లో, అందులోనూ వానాకాలంలో, అలాంటి బ్రష్ మర్నాటికి కూడా లోపల తడిగానే ఉంటుంది. కొన్నాళ్లకు ముక్కిపోయిన వాసన మొదలవుతుంది. సింథటిక్ పోగులు అలా నీళ్లు పట్టుకుని కూర్చోవు, గట్టిగా విదిలించి పెడితే త్వరగా ఆరిపోతాయి. పంది వెంట్రుకలు ముఖానికి తగలకూడదనుకునేవాళ్లకూ ఇదే మంచి దారి.

1. పోగు ఏ రకమో తెలుసుకోండి

సింథటిక్ అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కాదు. నైలాన్ పోగులు 1938లో అమెరికాలో టూత్‌బ్రష్‌లతో మార్కెట్లోకి వచ్చాయి. పాత తరహా సింథటిక్ షేవింగ్ బ్రష్‌లలోనూ అలాంటి మందపాటి, నిటారైన పోగులే ఉండేవి. అడుగున ఎంత లావో మొన దగ్గరా దాదాపు అంతే లావు, అందుకే గుచ్చుకునేవి. సింథటిక్ బ్రష్‌లకు చెడ్డపేరు వచ్చింది వాటివల్లే. చౌక బ్రష్‌లలో ఇవి ఇప్పటికీ కనిపిస్తాయి.

కొత్త తరం పోగులు సన్నగా ఉంటాయి, మొన దగ్గరికి వచ్చేసరికి ఇంకా సన్నబడతాయి. ఆన్‌లైన్‌లో వెతికితే ప్లిసాఫ్ట్, టక్సీడో, కాష్మీర్ లాంటి పేర్లు తగులుతాయి. నల్లటి పోగులకు తెల్లటి మొనలుంటే అది టక్సీడో. చైనా కంపెనీ యాకీ ఈ రకాలు చాలా చేస్తుంది. ఇటలీ కంపెనీ ఒమేగా తెచ్చిన ఎస్-బ్రష్ కొంచెం బిరుసు, పంది వెంట్రుకల పట్టు ఇష్టపడేవాళ్లకు నచ్చుతుంది.

రంగు చూసి నిర్ణయానికి రాకండి, బ్యాడ్జర్ చారల్లా రంగు వేసిన నైలాన్ కూడా ఉంటుంది. అనుమానం వస్తే, కొన్న తర్వాత రాలిన ఒక్క పోగును పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్లకు చూపించండి. సింథటిక్ అయితే కరిగి చిన్న ఉండ కడుతుంది. జంతువు వెంట్రుక అయితే జుట్టు కాలిన వాసన వస్తుంది.

2. షాపులో చేత్తో పరీక్షించండి

జగదాంబ, పూర్ణా మార్కెట్, గాజువాక... ఏ షాపులోనైనా ప్యాకెట్ విప్పి చూపించమని అడగడానికి మొహమాటపడకండి. పంది వెంట్రుకల బ్రష్ పొడిగా ఉన్నప్పుడు బిరుసుగా ఉన్నా, నానబెట్టి వాడేకొద్దీ మెత్తబడుతుంది. సింథటిక్ అలా మారదు. షాపులో పొడిగా పట్టుకున్నప్పుడు ఎలా ఉందో, రేపు అద్దం ముందు తడిగానూ ఇంచుమించు అలాగే ఉంటుంది. అందుకే సింథటిక్ విషయంలో చెయ్యి చెప్పేదాన్ని నమ్మవచ్చు.

మణికట్టు లోపలివైపు చర్మం పలచన. బ్రష్ మొనలు అక్కడ ఆనించి, కొద్దిగా నొక్కి గుండ్రంగా తిప్పండి. ఎక్కడైనా సూదిలా గుచ్చుకుంటే పక్కన పెట్టేయండి, షాపువాళ్లు "తడిస్తే సరిపోతుంది సార్" అన్నా వినకండి. తర్వాత అరచేతిలో నిలువుగా నొక్కండి. పోగులు పువ్వులా విచ్చుకుని, చెయ్యి తీయగానే తిరిగి దగ్గరకు రావాలి. నొక్కినప్పుడు మధ్యలో ఖాళీ కనిపిస్తే పోగులు తక్కువ పెట్టారని అర్థం. చివరగా మెల్లగా లాగి చూడండి. కొత్త బ్రష్‌లో ఒకటి రెండు రాలితే ఫర్వాలేదు, గుప్పున ఊడి వస్తే జిగురు సరిగా పట్టలేదు.

స్కేలు ఉంటే కుచ్చు అడుగున మందం కొలవండి. ముఖం మీదే నురగ చేసుకునేవాళ్లకు 22 నుంచి 24 మిల్లీమీటర్లు, పైకి కనిపించే పోగుల పొడవు 50 నుంచి 55 మిల్లీమీటర్లు బాగుంటాయి. మందం తక్కువై పొడవు ఎక్కువైతే బ్రష్ వాలిపోతుంది.

3. ఇంట్లో నురగ పోటీ పెట్టండి

రెండు మూడు బ్రష్‌లు చేతికొస్తే అసలు పోలిక ఇక్కడే తేలుతుంది. ఒకే క్రీమ్, ఒకే గిన్నె, ఒకే నీళ్లు. నీళ్ల సంగతి గట్టిగా చెబుతున్నాను. చాలా అపార్ట్‌మెంట్లలో జీవీఎంసీ (నగరపాలక సంస్థ) కుళాయి నీళ్లు, బోరు నీళ్లు రెండూ ఉంటాయి. బోరు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి, నురగ నిలవదు. ఒక బ్రష్‌ను కుళాయి నీళ్లతో, ఇంకోదాన్ని బోరు నీళ్లతో పరీక్షిస్తే నీళ్ల తప్పు బ్రష్ మీద పడుతుంది.

బ్రష్‌ను గోరువెచ్చటి నీళ్లలో తడిపి రెండుసార్లు విదిలించండి. నానబెట్టక్కర్లేదు. మొనల మధ్యలో బాదం గింజంత క్రీమ్ పెట్టి అర నిమిషం తిప్పండి, తర్వాత చుక్క చుక్కగా నీళ్లు కలపండి. మొదట్లో పెద్ద పెద్ద బుడగలు కనిపిస్తాయి. తిప్పేకొద్దీ అవి చితికిపోయి పెరుగు మీగడలా చిక్కగా, నిగనిగలాడుతూ రావాలి. బ్రష్ ఎత్తితే మొన మీద నురగ ముక్కులా నిలబడి కొద్దిగా వంగాలి.

ముఖానికి పట్టించేటప్పుడు రెండు విషయాలు గమనించండి. ఎగిరిపడే గుణం ఎక్కువున్న పోగులు అద్దం మీదికి, గోడ మీదికి తుంపర్లు చిమ్ముతాయి. కొందరికి ఇది పెద్ద విషయం కాదు, నాకైతే పొద్దున్నే విసుగు. రెండోది, ఒకసారి గీసుకున్నాక రెండోసారి పట్టించడానికి బ్రష్‌లో నురగ మిగిలిందా? మిగలకపోతే కొంచెం క్రీమ్ పెంచి చూడండి, అప్పటికీ చాలకపోతే కుచ్చు పలచన. గడ్డం దట్టంగా, గరుకుగా ఉన్నవాళ్లకు మెత్తటి కాష్మీర్ కంటే బిగువున్న టక్సీడో మేలు.

మీ చర్మం సున్నితమైతే ఒక రోజు రేజర్ ముట్టుకోకుండా నురగ మాత్రం పట్టించి కడిగేసి, సెలూన్‌లో వాడే పటిక తడిపి రాయండి. చురుక్కుమంటే బ్రష్ చర్మాన్ని గీరుతున్నట్టే.

4. పిడి, ధర

తడి చేతిలో జారకూడదు, అంతే. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో చౌక రకం మెరుగు పూసిన లోహం తుప్పు పడుతుంది, చెక్క మీద పాలిష్ లేచిపోతుంది. గట్టి ప్లాస్టిక్ లాంటి రెసిన్ పిడి నిశ్చింత. చాలా బ్రాండ్లు కుచ్చులు బయట చేయించుకుని తమ పిడికి అతికిస్తాయి కాబట్టి, ఖరీదు పెరిగేకొద్దీ చాలాసార్లు మీరు కట్టేది పిడి అందానికే. మణికట్టు పరీక్ష, నురగ పరీక్ష నెగ్గిన చౌక బ్రష్ ఉంటే అదే తీసుకోండి.

5. వాడాక

మరుగుతున్న నీళ్లు వద్దు. జిగురు వదులవుతుంది, పోగులు వంకర తిరుగుతాయి. నురగ పూర్తిగా పోయేదాకా కడిగి, పిండకుండా విదిలించి, గాలి ఆడేచోట పెట్టండి. మూత ఉన్న డబ్బాలో తడిగా పెట్టకండి. బోరు నీళ్లు వాడేవాళ్లు నెలకోసారి గోరువెచ్చటి నీళ్లలో కొంచెం వెనిగర్ కలిపి ఐదు నిమిషాలు ముంచి కడిగితే పోగుల అడుగున పేరుకున్న తెల్లటి పొర వదులుతుంది. అప్పుడే పోగులు ఇంకా రాలుతున్నాయేమో కూడా చూసుకోండి. మొదటి వారం దాటాక కూడా రోజూ రాలుతుంటే బిల్లు తీసుకుని షాపుకెళ్లి మార్పించుకోండి.