చదును నేలే కదా అనుకోకండి: ల్వార్ కోటల మధ్య అడవిలో ఎంటీబీ తొక్కాలంటే

గడ్చిరోలి జిల్లా సిరొంచాలో నేను ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్, కొన్నరోజు మా మేనల్లుడు ఒకటే నవ్వు. "గుట్టల్లేని ఊళ్ళో గుట్టలెక్కే సైకిలెందుకు మామా" అన్నాడు. తర్వాత వాడికి ఫ్రాన్స్‌లో ఉద్యోగమొచ్చి ఓర్లియాన్ అనే ఊరికి పోయాడు, పోయిన సెప్టెంబర్‌లో ఫోన్ చేసి "ఇక్కడా గుట్టల్లేవు, చుట్టూ అడవి, మధ్యలో కోటలు, నీ కోసమే చేసినట్టుంది, వచ్చెయ్ మామా" అన్నాడు. వెళ్ళాను, తొక్కాను, ఒకసారి పడ్డాను కూడా. మన వైపు నుంచి ఇంకెవరైనా వెళ్తే నా తప్పులు మళ్ళీ చేయకూడదని ఇది రాస్తున్నా.

ముందు ఒక మాట చెప్పాలి. చదును నేల సులువు కాదు. గుట్ట మీద ఎక్కేటప్పుడు ఊపిరాడకపోయినా దిగేటప్పుడు కాళ్ళు ఊరికే ఉంటాయి, చదునులో ఆ దిగుడే ఉండదు కాబట్టి పొద్దున ఎక్కి కూర్చున్నది మొదలు సాయంత్రం దాకా తొక్కుతూనే ఉండాలి. మోకాళ్ళకంటే ముందు పిర్రలు నొప్పి పెడతాయి. ప్యాడ్ ఉన్న షార్ట్స్ ఇక్కడి నుంచే తీసుకెళ్ళండి, సిగ్గుపడొద్దు. పావుగంటకోసారి పెడల్స్ మీద నిలబడి ఓ పది తొక్కులు తొక్కండి. సీటు ఎత్తు కూడా సరిచూసుకోండి: సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెడితే కింద ఉన్న కాలు నిటారుగా రావాలి. మన వాళ్ళు చాలామంది నేల అందాలని సీటు కిందికి దించి తొక్కుతారు, అలా 50 కిలోమీటర్లు తొక్కితే మర్నాడు మెట్లు దిగలేరు.

ల్వార్ నదికి దక్షిణాన ఉన్న ఆ అడవి ప్రాంతాన్ని సొలోన్ అంటారు. పైన ఇసుక, కింద బంకమట్టి, నీళ్ళు ఇంకక ఎక్కడ చూసినా చెరువులే. ఒకప్పుడు అది జ్వరాల నేల, మలేరియాతో జనం అల్లాడిన చోటు. గడ్చిరోలి జిల్లాలో పెరిగినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 19వ శతాబ్దంలో, ముఖ్యంగా మూడో నెపోలియన్ కాలంలో, కాలువలు తవ్వి నీళ్ళు తీసేసి పైన్ చెట్లు విస్తారంగా నాటారు. ఈ చరిత్ర మనకెందుకంటారా, టైర్ల కోసం. వాన పడ్డ మర్నాడు కూడా అడవి దారిలో నీళ్ళు నిలిచే ఉంటాయి, ఎండిన చోట మెత్తటి ఇసుక. మీ రూట్‌లో కిలోమీటర్లు ఎన్నో చూడడం కంటే నిన్న వాన పడిందా లేదా అని చూసుకోవడమే ముఖ్యం.

ఇసుక ప్రాక్టీస్ మనకి ఇంటి దగ్గరే దొరుకుతుంది. ఎండాకాలంలో ప్రాణహిత సన్నబడ్డాక ఒడ్డున ఇసుకలో రోజూ అరగంట తొక్కండి. ఇసుక కనబడగానే అందరూ చేసే పని బ్రేక్ పట్టడం, హ్యాండిల్ బిగించడం. చెయ్యాల్సింది దానికి సరిగ్గా తిరగేసి. ఇసుక రాకముందే కాస్త వేగం పెంచి, బరువు సీటు వెనక్కి జరిపి, చేతులు వదులుగా పెట్టి, ముందు చక్రం దాని ఇష్టానికి కొద్దిగా అటూ ఇటూ ఊగినా ఊగనివ్వండి. చూపు చక్రం దగ్గర కాదు, పది గజాల అవతల ఉండాలి. ఆగకుండా గుండ్రంగా తొక్కాలి, ఒక్కసారిగా బలం పెడితే వెనక చక్రం అక్కడే గుంత తవ్వుకుని కూర్చుంటుంది. నల్లరేగడిలో వానాకాలం ప్రాక్టీస్ మాత్రం వద్దు, ఆ బురద చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌లో ఇరుక్కుని సైకిల్ మోసుకు రావాల్సొస్తుంది, నేర్చుకునేదేమీ ఉండదు.

మన అడవిలో తెల్లారకముందే ఒంటరిగా ప్రాక్టీస్‌కి వెళ్ళకండి, ఇప్పపూలు రాలే రోజుల్లో అస్సలు వద్దు, ఆ వేళకి గుడ్డేలుగులు చెట్ల కిందే ఉంటాయి. చంద్రపూర్ వైపు పులుల సంగతి సరేసరి. సొలోన్‌లో ఈ భయం లేదు. అక్కడుండేవి జింకలు, అడవి పందులు. భయపడాల్సింది వేటగాళ్ళ గురించి, అది కాసేపాగి చెప్తా.

సైకిల్ ఇక్కడి నుంచి మోసుకెళ్ళొద్దు, అద్దెకి దొరుకుతుంది. కానీ షాపువాడు మామూలుగా సన్న టైర్ల టూరింగ్ సైకిల్ చేతికిస్తాడు, నదీ తీరం దారికి అది చాలు. అడవిలోకి వెళ్ళాలంటే "వేటేటే" అని అడగండి, ఎంటీబీని వాళ్ళు అలాగే అంటారు. రూట్ మొదలయ్యే ఊరి పేరు కూడా సరిగ్గా పలకండి, Blois అని రాస్తారు కానీ అది బ్లువా. అక్షరాలు చూసి నేను బ్లాయిస్ బ్లాయిస్ అంటుంటే రైల్వే కౌంటర్‌లో అమ్మాయి చాలాసేపు ఓపిక పట్టింది పాపం.

సైకిల్ తీసుకున్నాక వెంటనే రోడ్డెక్కకండి. మన దగ్గర చాలా సైకిళ్ళకి కుడిచేతి బ్రేక్ ముందు చక్రానిది, అక్కడ ఎడమచేతిది ముందు చక్రానిది. నేను పడింది ఇందుకే. షాపు నుంచి రెండు వందల మీటర్లు పోలేదు, పిల్లి అడ్డొచ్చింది, అలవాటు ప్రకారం వెనక బ్రేక్ అనుకుని ఎడమది నొక్కాను, సైకిల్ అక్కడే ఆగింది, నేను ఆగలేదు. మోచెయ్యి చెక్కుకుపోయింది. ఖాళీ స్థలంలో పది నిమిషాలు బ్రేకులే నొక్కుతూ తిరగండి. బండ్లు కుడివైపు నడుస్తాయన్నది అందరికీ గుర్తుంటుంది, చిన్న ఊళ్ళలో బోర్డు లేని కూడలిలో కుడి నుంచి వచ్చేవాడికి దారివ్వాలన్నది గుర్తుండదు. అది కూడా నేర్చుకుని వెళ్ళండి.

టైర్లలో గాలి సంగతి: 70 కిలోల మనిషికి, 2.2 అంగుళాల టైర్‌కి, గట్టి దారిలో 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా పెట్టుకోవచ్చు. ఇసుక దారిలోకి దిగేముందు 24, 25కి దించండి, వెనక టైర్‌లో ఒక రెండు ఎక్కువ ఉంచండి. ట్యూబ్ ఉన్న టైర్ అయితే అంతకంటే దించొద్దు, చెట్టు వేరు తగిలితే రిమ్‌కీ వేరుకీ మధ్య ట్యూబ్ నలిగి రెండు చిల్లులు పడతాయి. ముందు షాక్‌కి లాక్ ఉంటే తారు రోడ్డు మీద వేసేయండి, లేకపోతే మీరు పెట్టే బలంలో కొంత సైకిల్ ఊగడానికే పోతుంది.

ఇక రూట్. బ్లువా నుంచి ల్వార్ ఒడ్డునే తూర్పుగా సేన్ డియే దాకా, అక్కడి నుంచి లోపలికి షాంబోర్ కోట, తర్వాత బులోన్ అడవి దాటి బ్రాస్యూ, అక్కడి నుంచి షెవెర్నీ, చివరికి రుస్సీ అడవి గుండా మళ్ళీ బ్లువా. మొత్తం 55 కిలోమీటర్లకి అటూ ఇటూ. నేను దీన్ని తిరగేసి తొక్కాను, పొద్దున అడవి, సాయంత్రం నది. పెద్ద పొరపాటు. అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచి వస్తుంది, నది గట్టు మీద దాన్ని ఆపడానికి చెట్టూ చేమా ఉండదు, అలిసిపోయిన కాళ్ళతో చివరి పదిహేను కిలోమీటర్లు ఎదురుగాలి తొక్కుతుంటే బ్లువా వంతెన కనబడుతుంది కానీ దగ్గరికి రాదు. నేను పైన చెప్పిన వరసలో వెళ్తే పొద్దున గాలి వీపు మీద ఉంటుంది, సాయంత్రం చెట్లు అడ్డుకుంటాయి.

సేన్ డియే ఊరు చిన్నదే కానీ ఓ ఐదు నిమిషాలు ఆగండి. షాంబోర్ కట్టేటప్పుడు పడవల మీద వచ్చిన రాయిని దింపుకున్న రేవు ఇదే. 1519లో మొదటి ఫ్రాన్సువా రాజు మొదలుపెట్టించాడు, అదీ వేట విడిది కోసం, పోనీ అందులో ఉన్నాడా అంటే తన ఏలుబడి మొత్తంలో కొన్ని వారాలే. చుట్టూ 32 కిలోమీటర్ల గోడ, లోపల 5,440 హెక్టార్లు, అంటే మన లెక్కలో 13,400 ఎకరాల పైమాట. గోడ దాటాక ఇంకా కోట కనబడదు, చెట్ల మధ్య తిన్నటి దారే. తొక్కుతూ తొక్కుతూ ఉంటే ఆ దారి చివర ముందు పొగగొట్టాలు లేస్తాయి, తర్వాత శిఖరాలు, తర్వాత తెల్లటి గోడ. కారులో వచ్చి పార్కింగ్ దగ్గర దిగేవాళ్ళకి ఈ లేవడం కనబడదు.

లోపలికి వెళ్తే రెండు మెట్ల వరసలు ఒకే స్తంభం చుట్టూ పెనవేసుకున్న మెట్లదారి చూడండి. ఒకరు ఎక్కుతూ ఇంకొకరు దిగుతూ ఉంటే కిటికీల్లోంచి ఒకరికొకరు కనబడతారు కానీ ఎదురుపడరు. ఆలోచన లియొనార్డో డా వించీదంటారు, ఆయన కట్టడం మొదలైన ఆ ఏడాదే పోయాడు. నేనూ మా వాడూ చెరో మెట్ల మీద ఎక్కాం, "మామా, ఎక్కడున్నావ్" అని వాడి గొంతు స్తంభం లోపలి నుంచే వచ్చినట్టు వినబడింది. గంటన్నర చాలు, ప్రతి గదీ చూస్తూ కూర్చుంటే అడవికి టైమ్ మిగలదు. రోజుకి రెండు కోటలు మించి పెట్టుకోవద్దు, రెండోది బయట నుంచి చూసినా నష్టం లేదు.

అడవి దారులు గీత గీసినట్టు తిన్నగా ఉంటాయి, ఆరేడు దారులు ఒక్కచోట నక్షత్రంలా కలుస్తాయి. గుర్రాల మీద వేటాడేవాళ్ళకి జంతువు ఎటు దాటిందో దూరం నుంచి కనబడాలని అలా కొట్టించారు. అందంగా ఉంటుంది, దారి తప్పించడానికి అంతకంటే మంచి ఏర్పాటు లేదు, ఎటు చూసినా ఒకటే దారిలా ఉంటుంది. కూడలి దగ్గర పేరున్న స్తంభం కనబడితే, మీరు వచ్చిన దారి వైపు నిలబడి ఫోటో తీసుకోండి. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. త్రిభుజం పక్కన రెండు సున్నాలున్న గుర్తు ఎంటీబీ దారిది, ఎరుపు తెలుపు గీతలు నడిచేవాళ్ళ దారివి.

వేట సీజన్ సెప్టెంబర్‌లో మొదలై ఫిబ్రవరి దాకా నడుస్తుంది. "షాస్ అన్ కూర్" అనే బోర్డు దారి పక్కన కనబడితే అవతల తుపాకులతో వేట జరుగుతోందని, అక్కడ ఆలోచన పెట్టుకోకుండా వెనక్కి తిరగండి. ముదురు నారింజ చొక్కా వేసుకోండి. సొలోన్‌లో అడవి చాలావరకు సొంతదార్లది, "ప్రోప్రియేతే ప్రివే" అని ఉంటే లోపలికి వెళ్ళొద్దు, 2023లో వచ్చిన చట్టం ప్రకారం అలా దూరితే జరిమానా కూడా ఉంది. బులోన్, రుస్సీ రెండూ ప్రభుత్వ అడవులు కాబట్టే ఈ రూట్ చెప్పాను. భయమంతా ఒకవైపు, సెప్టెంబర్ సాయంత్రాల్లో మగ దుప్పుల అరుపు ఒకవైపు. చెట్ల లోపల నుంచి ఎద్దు రంకె వేసినట్టు వస్తుంది, మా ఇద్దరి మాటలూ ఆగిపోయాయి.

తిండి ముందే కట్టుకోండి. చిన్న ఊళ్ళలో మధ్యాహ్నం పన్నెండున్నర దాటితే షాపులు మూసేస్తారు, ఆదివారం సాయంత్రం, సోమవారం మరీ కష్టం. మా అక్క పంపిన పల్లీపట్టీ, రెండు రొట్టెల్లో చుట్టిన టమాట పచ్చడి మమ్మల్ని బ్రాస్యూ దాకా లాక్కొచ్చాయి. నీళ్ళు అయిపోతే ఊరి శ్మశానం వెతకండి, నవ్వకండి, అక్కడి సైకిలిస్టులందరూ చేసే పనే, సమాధుల పూలకి పోయడానికి గేటు దగ్గర కుళాయి ఉంటుంది. తాగడానికి కాదని బోర్డు ఉంటే మాత్రం వదిలేయండి.

షెవెర్నీ కోట ఇప్పటికీ కట్టించిన కుటుంబం చేతిలోనే ఉంది, వేటకుక్కలే దాదాపు వంద ఉంటాయి. వాటికి తిండి పెట్టే వేళకి చేరితే చూడండి, లేకపోతే సాగిపోండి, ఎందుకంటే రుస్సీ అడవి వెలుతురుండగానే దాటాలి.

రాత్రి గదికి చేరాక స్నానం చేసేటప్పుడు మోకాలి వెనక, చంకల్లో, నడుము దగ్గర వేలితో తడిమి చూసుకోండి. పశువులకి పట్టే గోమార్ల లాంటివే అక్కడి గడ్డిలోనూ ఉంటాయి, లైమ్ అనే జబ్బు అంటించగలవు. కనబడితే నూనె పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకండి, మందుల షాపులో దానికోసమే చిన్న కొక్కెం అమ్ముతారు, దాంతో చర్మానికి ఆనించి మెల్లగా తిప్పుతూ తీసేయాలి. తర్వాత నెల రోజుల్లో ఆ చోట ఎర్రటి వలయం పెరుగుతూ కనబడితే డాక్టర్‌కి చూపించి, ఫ్రాన్స్ అడవిలో తిరిగొచ్చానని కూడా చెప్పండి. మన దగ్గర డాక్టర్‌కి మొదట ఆ అనుమానం రాదు.