రోజుకు ఎంత కెఫీన్ తాగుతున్నారో లెక్క కట్టడం ఎలా

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ దాకా, ఒక్కసారికి 200 దాకా ఇబ్బంది లేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో తేల్చింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులకు రోజు మొత్తానికి 200. పిల్లలకు కిలో బరువుకు 3. ఈ అంకెలు గుర్తుంటే మిగతాదంతా గుణకారమే.

ఎనర్జీ డ్రింక్ లెక్క తేలిక. లీటరుకు 300 మి.గ్రా. మించకూడదని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన. అంటే 250 మి.లీ. డబ్బాలో 75 దాకా, అరలీటరు సీసాలో 150 దాకా ఉండొచ్చు. 30 కిలోల పిల్లాడి హద్దు 90, కాబట్టి ఒక్క డబ్బాతోనే దాదాపు అయిపోతుంది. పిల్లలకు తగదని లేబుల్ మీదే రాసి ఉంటుంది. అయినా బడి పక్క కొట్లో చల్లటి సీసా అడిగిన పిల్లలకల్లా ఇచ్చేస్తున్నారు. పెద్దవాళ్లు ముందు దీన్ని ఆపాలి. కోలాల్లో 100 మి.లీ.కి సుమారు 10 ఉంటుంది. నిమ్మ, నారింజ రుచి సోడాల్లో మామూలుగా ఉండదు.

చిక్కంతా ఇంటి ఫిల్టర్ కాఫీతోనే, దాని మీద లేబుల్ ఉండదు కదా. పొడి ప్యాకెట్ మీద చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) శాతం చూడండి. చికోరీలో కెఫీన్ ఉండదు. 80 శాతం కాఫీ, 20 శాతం చికోరీ ఉన్న పొడి 20 గ్రాములు వేస్తే అసలు కాఫీ 16 గ్రాములే. కాఫీ గింజల్లో ముఖ్యంగా రెండు రకాలు, అరబికా, రోబస్టా. అరబికా అయితే అందులో కెఫీన్ సుమారు 1.2 శాతం, అంటే 190 మి.గ్రా. రోబస్టా అయితే 2 శాతం పైమాటే, 350 దాకా వెళ్తుంది. ఆ డికాషన్ నాలుగు కప్పులకు సరిపెడితే కప్పుకు అరబికాలో 48, రోబస్టాలో 88. కొంత పిప్పిలోనే ఉండిపోతుంది కాబట్టి ఇవి పై అంచనాలు. అరకు కాఫీ అరబికాయే. పీబెర్రీ అన్నది గింజ ఆకారం మాత్రమే, రకం తెలియాలంటే కొట్టువాణ్ణి అడగాల్సిందే.

నలుపు, చేదు చూసి అంచనా వేస్తే తప్పుతుంది. చికోరీ ఎక్కువైన డికాషన్ చిక్కగా, నల్లగా కనిపిస్తుంది కానీ కెఫీన్ తక్కువ. పాలు ఎక్కువ పోస్తే కెఫీన్ తగ్గదు, రుచి మాత్రమే మెత్తబడుతుంది.

తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికి సగటున ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి 80 తాగితే రాత్రి పదకొండుకి ఇంకా 40 మిగిలే ఉంటుంది. గర్భిణుల్లో, గర్భనిరోధక మాత్రలు వేసుకునేవారిలో ఇంకా నిదానంగా దిగుతుంది. నిద్ర పట్టనివాళ్లు చివరి కప్పును మధ్యాహ్నం రెండులోపే ముగించడం మంచిది. గుండెదడ, బీపీ ఉన్నవాళ్లు తమ హద్దు డాక్టరునే అడగాలి.

తగ్గించేటప్పుడు ఒక్కసారిగా మానేయకండి. 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలై కొందరిని వారం దాకా వదలదు. మూడు నాలుగు రోజులకోసారి పావువంతు చొప్పున తగ్గించండి. ఫిల్టర్ కాఫీకైతే చికోరీ శాతం ఎక్కువున్న పొడి కొనుక్కుంటే చాలు, కప్పుల సంఖ్య మారక్కర్లేదు. ఈలోపు తలనొప్పి మాత్ర వేసుకుంటే అట్ట వెనక చదవండి. కొన్నింటిలో కెఫీన్ ఉంటుంది, ఆ అంకె కూడా రోజు లెక్కలో కలపాలి.