బరువు తగ్గే సర్జరీ అయ్యాక ఆ 'ఇంకో ముద్ద' తినకండి

పోయిన నెల ఒకావిడను భర్త చేయి పట్టుకుని నా గదిలోకి నడిపించుకొచ్చారు. బరువు తగ్గడానికి కడుపును చిన్నది చేసే స్లీవ్ సర్జరీ అయి ఏడు వారాలు. రెండడుగులు వేస్తే పక్కకు తూలిపోతున్నారు. ఎదురుగా కూర్చున్న నేను ఇద్దరిలా కనిపిస్తున్నానన్నారు. ఇరవై రోజులుగా రోజూ వాంతులట. ముందే ఎందుకు రాలేదమ్మా అని అడిగితే, "కాస్త ఎక్కువైతే బయటికి వచ్చేస్తుంది కదండీ, అందరికీ అంతేననుకున్నాను" అన్నారు. మధ్యలో నీరసంగా ఉందని ఇంటి దగ్గర క్లినిక్‌లో గ్లూకోజ్ ఎక్కించుకున్నారు. తూలడం ఆ తర్వాతే మొదలైంది.

ఆవిడ ఒంట్లో విటమిన్ బి1, అంటే థయమిన్, అడుగంటిపోయింది. ఇది ఒంట్లో రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే నిల్వ ఉంటుంది. వాంతులతో కొత్తది చేరకపోతే మెదడు దెబ్బతింటుంది. డాక్టర్లు దీన్ని వెర్నికీ ఎన్‌సెఫలోపతి అంటారు. థయమిన్ లేని ఒంట్లోకి ముందు గ్లూకోజ్ వెళ్తే, మిగిలిన ఆ కాస్త కూడా ఖర్చయిపోతుంది. అదే రోజు అడ్మిట్ చేసి నరంలోకి థయమిన్ ఇచ్చారు. చూపు కొద్ది రోజుల్లోనే సర్దుకుంది. నడక ఇంకా పూర్తిగా కుదుటపడలేదు.

సర్జరీ అయినవాళ్లకు తిండి మళ్లీ మొదటినుంచి నేర్పించడమే పదకొండేళ్లుగా నా పని. నడవండి, విటమిన్లు మానకండి, తీపి తగ్గించండి అన్నవి డిశ్చార్జి కాగితంలోనే ఉంటాయి, అవి మళ్లీ చెప్పను. నేను చూసినంతలో మనుషుల్ని ముంచింది ఒకే ఒక్క తప్పు. కడుపు తనంతట తాను ఆపేదాకా తినడం. చాలనిపించాక ఇంకో ముద్ద పెట్టుకోవడం, అది బయటికొస్తే "సరే, ఇవాళ్టికి లెక్క తెలిసింది" అనుకోవడం. వాంతిని కొలతగా వాడుకోవడమన్నమాట.

ఆకలి పోతుంది, అలవాటు పోదు

మామూలు కడుపు ఒకటి, ఒకటిన్నర లీటర్ల వరకు సాగుతుంది. స్లీవ్‌లో దాన్ని 75 నుంచి 80 శాతం వరకు తీసేసి, సన్నటి గొట్టంలాంటి భాగం మిగులుస్తారు. అందులో పట్టేది సుమారు 100 నుంచి 150 మిల్లీలీటర్లు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో కడుపు పైభాగాన్ని దాదాపు 30 మిల్లీలీటర్ల చిన్న సంచిలా చేసి, చిన్న పేగుకు కలుపుతారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా కడుపు పైభాగంలో తయారవుతుంది. స్లీవ్‌లో ఆ భాగమే పోతుంది. పైగా ఈ రెండు సర్జరీల్లోనూ తిన్న తర్వాత పేగుల నుంచి "ఇక చాలు" అని మెదడుకు చెప్పే జీఎల్‌పీ-1, పీవైవై హార్మోన్లు ముందుకంటే ఎక్కువగా వస్తాయి. మొదటి నెలల్లో ఆకలే వేయడం లేదని చాలామంది సంతోషంగా చెప్పేది ఇందుకే.

కానీ ముద్ద సైజు అదే, తినే వేగం అదే. ముప్పై నలభై ఏళ్లుగా పడిన అలవాటు ఆపరేషన్ టేబుల్ మీద పోదు. కడుపు నిండిన సంగతి మెదడు పూర్తిగా గుర్తించడానికి దాదాపు ఇరవై నిమిషాలు పడుతుంది. పాత కడుపులో ఆలోపు నాలుగు ముద్దలు ఎక్కువ పడినా చోటుండేది. ఇప్పుడు లేదు. ఐదు నిమిషాల్లో గిన్నె ఖాళీ చేస్తే, కబురు మెదడుకు చేరేసరికి తిన్నది పైకి వస్తూ ఉంటుంది.

నిండిన గుర్తులు ఇప్పుడు వేరు

పొట్ట బరువెక్కి హాయిగా వెనక్కి వాలాలనిపించే ఆ పాత నిండుదనం కోసం ఎదురుచూడకండి. ఆ హాయి కోసం వెతికేవాళ్లే ఇంకో ముద్ద తింటారు. కొత్త కడుపు గుర్తులు చాలా చిన్నవి. రొమ్ము ఎముక కింద, సరిగ్గా మధ్యలో, కొద్దిగా బరువు. ఒక ఎక్కిలి. చిన్న తేన్పు. జలుబు లేకపోయినా ముక్కు కారడం. తెలియకుండా ఒక పెద్ద శ్వాస వదలడం. అందరికీ అన్నీ రావు. నాకు తెలిసిన ఒక పెద్దాయనకు తుమ్ము వస్తుంది, అంతే. మీది ఏదో మీరే కనిపెట్టాలి. అది తెలిశాక తిండి మీద టెన్షన్ సగం తగ్గుతుంది.

గుర్తు కనిపించగానే చెంచా కింద పెట్టేయాలి. నోట్లో ఉన్నది నమలండి, కొత్తది పెట్టుకోవద్దు. నొప్పి, వికారం వచ్చాయంటే మీ గుర్తును మీరు దాటేశారని అర్థం. వాంతి దాకా వెళ్తే చాలా దూరం దాటేశారు.

మొదటి వారాల్లో కొందరికి ఈ గుర్తులు అసలు తెలియవు. వాళ్లు లోపలి కబురు మీద ఆధారపడలేరు కాబట్టి కొలతే దిక్కు. ద్రవాహారం, మెత్తటి ఆహారం దశలు దాటేదాకా మీ సర్జికల్ టీమ్ ఇచ్చిన లెక్కే మీ లెక్క. మొదటి నెలల్లో చాలామందికి ఒక పూటకు పావు కప్పు నుంచి అర కప్పు, అంటే 60 నుంచి 120 మిల్లీలీటర్లు సరిపోతుంది. ఏడాది తిరిగేసరికి ఒక కప్పు దాకా పట్టవచ్చు. ఆ కొలత ముందే చిన్న గిన్నెలోకి తీసుకోండి. మిగిలింది మూతపెట్టి లోపల పెట్టి, అప్పుడు కూర్చోండి. వండిన గిన్నె ఎదురుగా ఉంటే కొలత నిలబడదు.

కొలిచింది మొత్తం తినితీరాలని లేదు. పెరుగైతే అర కప్పు సాఫీగా దిగుతుంది, పొడిపొడిగా ఉడికిన మాంసం పావు కప్పుకే గొంతు దాకా వచ్చినట్టుంటుంది. చాలామందికి ఉదయం పూట కడుపు బిగుసుకున్నట్టుండి, సాయంత్రానికి వదులవుతుంది. నిన్న పట్టింది కాబట్టి ఇవాళ కూడా పట్టాలని పట్టుబట్టకండి. "రెండు చెంచాలే కదా మిగిలింది, పారేయడమెందుకు, తినేయ్" అని ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అంటారు. ఆ ప్రేమే ఆ ఇంకో ముద్ద. వాళ్లకు ముందే చెప్పి పెట్టండి.

ఉన్న చోటు కొంచెం కాబట్టి ముందు ప్రొటీన్ తినాలి. రోజుకు కనీసం 60 గ్రాములు కావాలి. ఒక గుడ్డులో ఉండేది ఆరు గ్రాములే. కడుపులో చోటు బ్రెడ్‌తోనో అన్నంతోనో నింపేస్తే ఆ అరవై ఎప్పటికీ చేరదు. చేరకపోతే కండ కరుగుతుంది, జుట్టు రాలుతుంది, నీరసం వస్తుంది. అలాగని ఆకలి లేదని పూటలు మానేయడం కూడా తప్పే. ఈ నెలల్లో గడియారం చూసి తినాలి.

నీళ్ల సంగతి

తింటూ తాగొద్దు. తిన్నాక ముప్పై నిమిషాలు ఆగండి. చిన్న కడుపులో తిండితోపాటు నీళ్లు పడితే చోటు చాలక పైకి తంతుంది, లేదా తిన్నదాన్ని త్వరగా కిందికి కడిగేస్తుంది. అప్పుడు గంటలోనే మళ్లీ ఏదో తినాలనిపిస్తుంది. అయితే రోజు మొత్తంలో లీటరున్నర నీళ్లు లోపలికి వెళ్లాల్సిందే. గుక్క గుక్కగా, రోజంతా. సర్జరీ తర్వాత మళ్లీ ఆస్పత్రిలో చేరాల్సిరావడానికి ముఖ్య కారణాల్లో ఒంట్లో నీరు తగ్గిపోవడం ఒకటి.

ముద్ద ఇరుక్కున్నట్టుంటే నీళ్లు తాగి నెట్టాలని చూడకండి. నురగలాంటి ఉమ్ము ఊరుతుంటే అది ఇరుక్కున్నదే. తినడం ఆపి, లేచి నిలబడి, మెల్లగా నడవండి. ఎక్కువసార్లు దానంతట అదే దిగుతుంది. గంటలు గడిచినా ఉమ్ము కూడా మింగలేకపోతే ఆస్పత్రికి వెళ్లండి.

రెండో ఏడాది

చాలామందికి అసలు పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది, దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఏడాది, ఏడాదిన్నర అయ్యేసరికి ఆకలి తిరిగొస్తుంది. కడుపు కూడా మునుపటికంటే కాస్త ఎక్కువ పట్టనిస్తుంది. సర్జరీ ఫెయిలైందని ఏడ్చినవాళ్లను చూశాను. ఫెయిల్ కాలేదు, ఆకలి రావడం మామూలే. మొదటి ఏడాది గిన్నె కొలతతో, చిన్న గుర్తుతో ఆగడం నేర్చుకున్నవాళ్లు దీన్ని దాటేస్తారు. వాంతి వచ్చినప్పుడే ఆగడం అలవాటైనవాళ్లకు మాత్రం ఇప్పుడు బ్రేకు లేదు, ఎందుకంటే వాంతి ఇక అంత తొందరగా రాదు.

ఇంకో నష్టం మెల్లగా జరుగుతుంది. మాంసం, గుడ్డు ఇరుక్కుని వాంతి అయిన మనిషి వాటికి భయపడతాడు. సాఫీగా దిగేవాటి వైపు వెళ్తాడు. బిస్కెట్లు, చిప్స్, ఐస్‌క్రీం నోట్లోనే కరిగి జారిపోతాయి, కడుపు నిండిన గుర్తే ఇవ్వవు. పూటకు అర కప్పు తినలేని మనిషి రోజంతా వాటిని గుప్పెడు గుప్పెడు తినగలడు. పోయిన బరువు ఈ దారినే వెనక్కి వస్తుంది. ఇలా బరువు పెరిగినవాళ్లను కూర్చోబెట్టి వెనక్కి తవ్వితే, మొదట్లో వేగంగా తిన్న ఆ పూటలూ ఆ వాంతులూ చాలాసార్లు బయటపడతాయి.

ఆకలి నిజమా కాదా అని తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కడుపు ఆకలి మెల్లగా పెరుగుతుంది, ఉడికించిన గుడ్డు ఇచ్చినా సరేనంటుంది. మనసు ఆకలి ఉన్నట్టుండి మీద పడుతుంది, ఫలానాదే కావాలంటుంది. కొంచెం నీళ్లు తాగి పావుగంట ఆగండి. తిని మూడు నాలుగు గంటలై, ఇంకా ఆకలి ఉంటే కొలిచి తినండి, తప్పు చేసినట్టు బాధపడకండి. తిన్న కాసేపటికే కడుపులో కొరుకుతున్నట్టు, మంటగా ఉంటే అది యాసిడ్ కావచ్చు. ముఖ్యంగా స్లీవ్ అయినవాళ్లు దాన్ని ఆకలనుకుని తింటూపోతారు. డాక్టర్‌ను అడగండి.

ఇక వరసగా చెప్తాను. కాగితం మీద రాసుకుని ఫ్రిజ్ మీద అంటించుకోండి.

పెద్ద చెంచా వాడకండి.

ముద్ద బఠాణీ గింజంత ఉండాలి. పేస్టులా అయ్యేదాకా నమలండి.

ఒక ముద్ద మింగాక చెంచా కింద పెట్టి, తర్వాతే ఇంకోటి తీసుకోండి. పూటకు ఇరవై నుంచి ముప్పై నిమిషాలు. అంతకంటే సాగదీయకండి, సాగదీస్తే కడుపు ఖాళీ అవుతూ ఉంటుంది, మీరు నింపుతూ ఉంటారు.

టీవీ ముందు, ఫోన్ చూస్తూ తినకండి. చిన్న గుర్తును కనిపెట్టాలంటే ధ్యాస తిండి మీదే ఉండాలి.

నిలబడి తినొద్దు. వంటగదిలో రుచి చూడటం కూడా తినడమే.

విందుకు వెళ్తే ఇంట్లో ప్రొటీన్ తిని వెళ్లండి. ఎవరైనా వడ్డిస్తే పళ్లెం మీద చేయి అడ్డం పెట్టండి.

గ్యాస్ ఉన్న కూల్‌డ్రింక్స్ వద్దు.

బైపాస్ అయినవాళ్లు తీపి మీద చేయి వేయకండి. అరగంటలో గుండెదడ, చెమటలు, విరేచనాలు రావచ్చు. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్లు తిరగొచ్చు.

షుగర్ మందులు, ఇన్సులిన్ పాత డోసులోనే కొనసాగించకండి. తిండి తగ్గింది, డోసు మార్చాల్సింది డాక్టర్.

మద్యం తాగొద్దు. ఇప్పుడు అది రక్తంలోకి ముందుకంటే వేగంగా ఎక్కుతుంది.

సిగరెట్ వద్దు. ఒళ్లునొప్పుల మాత్రలు సొంతంగా కొని మింగొద్దు. ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకు ఈ రెండింటితో పుండ్లు పడతాయి.

మొదటి వారాల్లో జ్వరం, తగ్గని కడుపునొప్పి, భుజం నొప్పి, నిమిషానికి 120 దాటిన గుండె వేగం ఉంటే ఎక్కువ తిన్నాననుకుని ఇంట్లో పడుకోవద్దు. కుట్ల దగ్గర లీకై ఉండొచ్చు. వెంటనే వెళ్లండి.

బైపాస్ అయి ఎన్నేళ్లైనా సరే, ఉన్నట్టుండి కడుపు మెలిపెట్టే నొప్పి వస్తే ఎమర్జెన్సీకే వెళ్లండి. పేగు లోపల మెలిక పడి ఉండొచ్చు.

ఆడవాళ్లు సర్జరీ తర్వాత ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోండి. వాంతులైతే గర్భ పరీక్ష కూడా చేయించుకోండి.

వాంతి మామూలు కాదు. ఎవరు మామూలే అన్నా మామూలు కాదు. ఒక్కసారి వస్తే ఏం తిన్నారో, ఎంత వేగంగా తిన్నారో రాసుకోండి. వారంలో రెండోసారి వస్తే ఆస్పత్రికి ఫోన్ చేయండి. నీళ్లు కూడా నిలవకపోతే రేపటిదాకా ఆగకండి.

రెండుగా కనిపించినా, నడక తూలినా, మాట తికమకపడినా ఆ నిమిషమే బయల్దేరండి. వెళ్లేది మీ సర్జరీ చేసిన చోటికి కాకపోవచ్చు, అందుకే ఈ మాటలు ముందే కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. మీరు చెప్పలేని స్థితిలో ఉంటే పక్కవాళ్లు చూపిస్తారు: "నాకు బరువు తగ్గే సర్జరీ అయింది. తేదీ ఇది. ఇన్ని రోజులుగా వాంతులవుతున్నాయి. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్ ఇవ్వండి."