ఇంట్లోనే సరళ యంత్రాలు: మూడో పాఠం – వాలుతలం

మీట, కప్పీ అయిపోయాయి. ఈసారి వాలుతలం, అంటే ఒక కొస ఎత్తులో ఉండేలా ఏటవాలుగా పెట్టిన పలక లాంటిది. ఇందులో కదిలే భాగం ఒక్కటీ ఉండదు కాబట్టి ఇదీ యంత్రమే అంటే పిల్లలు ఒక పట్టాన ఒప్పుకోరు. మాటలతో ఒప్పించాలని చూడకండి, వాళ్ల చేతికే వదిలేయండి.

మీటరు పొడవున్న పలక, చక్రాలు సాఫీగా తిరిగే బొమ్మ లారీ, గుప్పెడు ఇసుక, సన్నటి రబ్బరు బ్యాండు, స్కేలు సిద్ధం చేసుకోండి. ఇసుకను కవర్లో మూటగట్టి లారీకి గట్టిగా కట్టాలి. లేకుంటే పైకెత్తగానే ఇల్లంతా ఇసుకే.

ముందు లారీకి బ్యాండు తగిలించి నేరుగా పైకెత్తమనండి. బ్యాండు ఎంత సాగిందో కొలిచి నోటుబుక్కులో రాయించండి. తర్వాత పలక ఒక కొసను 50 సెంటీమీటర్ల ఎత్తున ఆనించి, లారీని దాని మీదుగా లాగించండి. ఆపైన ఎత్తు 25కి దించి మళ్లీ లాగించండి. లాగే ప్రతిసారీ ముందుగా ‘ఇప్పుడు ఎక్కువ సాగుతుందా, తక్కువా?’ అని అడిగి జవాబు రాయించడం మరవొద్దు. తన ఊహ రాసిపెట్టుకున్న పిల్ల ఫలితం కోసం కళ్లింత చేసుకుని చూస్తుంది.

పిల్లలు ఒక్క ఊపున లాగుతారు. రబ్బరు సర్రున సాగి కొలత చెడుతుంది. నిదానంగా, ఒకే వేగంతో లాగుతూ, లారీ కదులుతుండగానే కొలవాలి. ఇద్దరుంటే మేలు, ఒకరు లాగితే ఇంకొకరు స్కేలు పట్టుకుంటారు. ఇంకో మాట: రెట్టింపు బలానికి రబ్బరు సరిగ్గా రెట్టింపు సాగదు. కాబట్టి దీంతో లెక్కలు కట్టకండి, ఎక్కువా తక్కువా అన్న పోలిక చాలు. లెక్కే కావాలంటే స్ప్రింగు త్రాసు తగిలించండి. 25 సెంటీమీటర్ల ఎత్తుకు మీటరు పలక వేస్తే, ఘర్షణ లేనప్పుడు బరువులో నాలుగో వంతు బలం చాలు. మీ త్రాసు అంతకన్నా ఎక్కువే చూపిస్తుంది. ఆ తేడాను కప్పిపుచ్చొద్దు. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకనివ్వండి, పలక మీద గరుకు గుడ్డ పరిచి మళ్లీ లాగించండి.

ఇక అసలు సంగతి. ఈ లాభం ఊరికే రాలేదు. పావు మీటరు ఎత్తెక్కడానికి లారీ మీటరు దూరం నడిచింది. బలం తగ్గినంత మేరా దూరం పెరిగింది. దీన్ని పిల్లలు తమ నోటితో తామే చెప్పేదాకా ఆగండి, తొందరపడి అందించకండి.

తిరుపతి పిల్లలకు ఇది కాళ్లకు తెలిసిన విషయమే. తిరుమల కొండెక్కే శ్రీవారిమెట్టు దారిలో 2388 మెట్లు, అలిపిరి దారిలో 3550. శ్రీవారిమెట్టు దగ్గరి దారే కానీ నిటారుగా ఉంటుంది. ఏ దారిలో ఎక్కువ ఆయాసం వచ్చింది, ఎక్కడ ఎక్కువసేపు నడిచారు అని అడగండి. తర్వాత ఘాట్ రోడ్డు మాటెత్తండి. 1944లో మొదటిది, 1974లో రెండోది వచ్చాయి. కొండకు నిలువునా రోడ్డు వేసి ఉంటే ఎంత దూరం కలిసొచ్చేదో! మరి అన్ని మలుపులెందుకు తిప్పారు? బస్సు ఇంజను గురించి ఆలోచించమనండి. బొమ్మ లారీతో చేసింది గుర్తొస్తే జవాబు వాళ్లకే దొరుకుతుంది.

వచ్చే పాఠం మర (స్క్రూ). దానికి ఈలోగా ఒక పని: కాగితాన్ని లంబకోణ త్రిభుజంగా కత్తిరించి, ఏటవాలు అంచుకు రంగు పూసి, నిలువు అంచు నుంచి మొదలుపెట్టి పెన్సిలుకు చుట్టించండి. పక్కన ఒక మరమేకు పెట్టి, రెండింటినీ చూసి బొమ్మ గీయమనండి.